చిల్లర దిగేటప్పుడు

ట్రైనింగులో మొదటి రోజే చెప్పారు:
సంచిలో తక్కువున్నా తప్పే, ఎక్కువున్నా తప్పే.
తక్కువంటే సరే.
ఎక్కువెలా తప్పవుతుందో తెలియడానికి
టెక్కలి-చాపర రోడ్డు మీద ఇరవై రెండేళ్లు పట్టింది నాకు.

పదిహేను రూపాయల దూరానికి వంద నోటిస్తారు.
టికెట్టు వెనక ఎనభై అయిదని రాసి
కింద గీత గీసి, "దిగేటప్పుడు" అంటాను.
నిద్రలో కూడా అంటున్నానట ఆ మాట,
మా ఆయన చెప్పి నవ్వుతాడు.

ఒకాయన మరిచిపోయి దిగిపోయాడు.
మెళియాపుట్టి దాటాక గాని చూసుకోలేదు.
ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని
వేడన్నం గిన్నెలా రెండు చేతులా పట్టుకున్న మనిషి.
ఆ ఎనభై అయిదూ మడిచి వేరే అరలో దాచాను,
మూడు వారాలు.
నాలుగో వారం గ్యాసుబండ వచ్చింది.

ఎప్పటికో మళ్లీ ఎక్కాడు. గుండు చేయించుకున్నాడు.
పదిహేనూ లెక్కపెట్టి నా చేతిలో పోసి
కిటికీ వైపు తిరిగాడు.
మిషన్లో కాగితం ఇరుక్కుందన్నట్టు
దాని మూత తీశాను, మూశాను, మళ్లీ తీశాను.
ఆయనకి గుర్తుందో లేదో గాని
నాకు మాత్రం ఆ రోజు
బస్సంతా అదొక్కటే సీటు.

రోజూ లెక్క కట్టే చెయ్యి
ఇంటికొచ్చినా ఊరుకోదు.

అమ్మ నరసన్నపేట ఆసుపత్రిలో
"రెండ్రోజులుండిపోయే గుంటా" అంది.
"లీవు లేదే, ఆదివారం వస్తాను" అన్నాను.
ఇప్పుడు చూస్తే అదీ టికెట్టు వెనక రాతే.
ఆదివారానికి ముందు స్టాపులోనే
దిగిపోయింది దాలమ్మ.

హిమజ ఏడో తరగతిలో
రెండు జడలూ నేనే వెయ్యాలని పేచీ.
నాది నాలుగూ యాభై బండి.
రిబ్బన్లు పట్టుకుని గుమ్మంలోనే నిద్రపోయేదట,
మా అత్త చెప్పేది, తిట్టినట్టు కాదు, ఊరికే.
ఇప్పుడు శ్రీకాకుళంలో మందుల షాపులో చేస్తోంది,
జుట్టు భుజాల దాకా కత్తిరించేసింది.
మొన్నొచ్చినప్పుడు నేను దువ్వెన అందుకుంటే
"ఏటమ్మా, కొత్తగా" అంటూనే తల ఇటు తిప్పింది.
జడకి అందలేదు.
అయినా దువ్వాను, చాలాసేపు.

లోకనాథం సంగతి రాయకూడదు, సిగ్గుపడతాడు.
రాత్రి పదకొండుకి తలుపు తీసినా
కంచం మీద కంచం బోర్లించి ఉంటుంది,
పక్కన చీల్చిన ఉల్లిపాయ, ఒక మిరపకాయ.
ఎవరు పెట్టారని నేనడగలేదు.
నేనని ఆయనా అనలేదు.
దీన్ని ఏ వైపు రాయాలో
ఇన్నేళ్ల సర్వీసులోనూ తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు ఆడవాళ్లకి సున్నా టికెట్టు.
చిల్లర గొడవ సగం తీరింది,
మిగిలిన సగం ఫోన్లో టింగుమంటోంది.
డ్రైవరు తవిటయ్య అంటాడు:
"నీ సంచి బరువు తగ్గింది, నడుం నొప్పి ఇంకెందుకు?"

చాపరలో చీపుళ్ల మోపుతో ఎక్కే సవర ముసలమ్మ
మొన్న రెండ్రూపాయల బిళ్ల
నా అరచేతిలో కుక్కింది.
"ఊరికినే కూకుంటే సీటు గుచ్చుకుంతందే. ఉంచీ."
వద్దంటే ఆమె వినదు.
మిషనూ వినదు, దానికి సున్నాయే తెలుసు.
టికెట్టు వెనక్కి తిప్పి
2 అని రాసి, కింద గీత గీసిచ్చాను.
చదువు రాదామెకి.
భద్రంగా కొంగున ముడేసుకుంది.

ఆ రాత్రి డిపోలో సంచి బోర్లిస్తే
రెండు రూపాయలు ఎక్కువ.
క్యాష్ కౌంటరు గుమాస్తా
కళ్లద్దాల మీంచి చూశాడు.
"ఎవరివి?"

"దిగేటప్పుడు ఇవ్వాలి" అన్నాను.